కెర్నల్ కాన్ఫిగ్‌లో డూప్లికేట్ ఆప్షన్లు: తీసేసే ముందు అందరూ అడిగే ప్రశ్నలు

లినక్స్ కెర్నల్‌ని సొంతంగా బిల్డ్ చేసుకునేవాళ్లు, బోర్డుల మీద పని చేసేవాళ్లు, కెర్నల్‌కి మొదటి ప్యాచ్ పంపాలని ఉబలాటపడే స్టూడెంట్లు నన్ను తరచూ అడిగే ప్రశ్నలివి. "ఒకే ఆప్షన్ రెండు చోట్ల కనిపించింది, ఒకటి తీసేస్తే ఈజీ ప్యాచ్ కదా" అంటూ మొదలవుతుంది ప్రతిసారీ. కొన్నిసార్లు ఈజీయే. చాలాసార్లు కాదు, ఎందుకు కాదో ఒక చోట రాసి పెడితే అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ఈ కాన్ఫిగ్ ఆప్షన్లు ఎక్కడుంటాయి? ఎవరు చదువుతారు?

కెర్నల్ సోర్స్‌లో దాదాపు ప్రతి ముఖ్యమైన డైరెక్టరీలో కేకాన్ఫిగ్ అనే ఫైలు ఉంటుంది. "ఈ డ్రైవర్ కావాలా, వద్దా, మాడ్యూల్‌గా కావాలా" అనే ప్రశ్న, దానికి ఉండే షరతులు, సాయం చేసే నాలుగు ముక్కలు అందులో రాస్తారు. మీరు మేక్ మెనూకాన్ఫిగ్ అని కొట్టినప్పుడు ఆ ఫైళ్లన్నీ కలిసి ఒక పెద్ద మెనూ అవుతాయి, మీరిచ్చిన జవాబులు డాట్ కాన్ఫిగ్ అనే ఫైల్లోకి వెళ్తాయి. అక్కడి నుంచి మేక్‌ఫైళ్లూ సీ కోడూ ఆ జవాబుల్ని వాడుకుంటాయి. ఈ పద్ధతి 2002 చివర్లో 2.5.45 వెర్షన్‌తో వచ్చింది, రాసింది రోమన్ జిప్పెల్. ఇప్పుడు మొత్తం ఆప్షన్లు 15,000 దాటిపోయాయి. ఇన్నేళ్లుగా ఇన్ని వేల చేతులు రాసిన చోట ఒకే ప్రశ్న రెండు మూడు చోట్ల పడకుండా ఉంటే ఆశ్చర్యపోవాలి.

డూప్లికేట్ అంటే అన్నీ ఒకటే రకమా?

కాదు. అసలు గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఒకే మాటతో మనం నాలుగైదు వేర్వేరు జబ్బుల్ని పిలుస్తున్నాం.

ఎక్కువగా కనిపించేది ఆర్కిటెక్చర్ల (అంటే ఎక్స్86, ఆర్మ్ లాంటి ప్రాసెసర్ కుటుంబాల) మధ్య కాపీ. ఎక్స్86లో ఒక ఆప్షన్ ఉంది, ఆర్మ్ వాళ్లకి అదే కావాల్సి వచ్చింది, ఎక్స్86 ఫైల్లోంచి ఆ పది లైన్లూ తెచ్చి తమ ఫైల్లో పెట్టుకున్నారు, తర్వాత మిప్స్ వాళ్లు ఆర్మ్ నుంచి తెచ్చుకున్నారు. ఆర్చ్ డైరెక్టరీలో ఇప్పుడు ఇరవై పైచిలుకు ఆర్కిటెక్చర్లున్నాయి, ఎవరికి వారే యమునా తీరే. రెండోది, ఒకే బిల్డ్‌లో ఒకే పేరుకి రెండు నిర్వచనాలుండటం: డ్రైవర్ల ఫైల్లో ఒకటి, ప్లాట్‌ఫాం ఫైల్లో ఇంకొకటి. మూడోది ఒకే పనికి రెండు పేర్లు. ఇది పైకి డూప్లికేట్‌లా కనిపించదు, పేరుతో వెతికే గ్రెప్‌కి దొరకదు. ఇక ఒకే సెలెక్ట్ లైన్ ("ఇది ఆన్ అయితే ఫలానాదాన్ని కూడా ఆన్ చెయ్యి" అనేది) రెండుసార్లు రాయడం, ఇఫ్ బ్లాక్ లోపల అదే షరతుని మళ్లీ డిపెండ్స్ ఆన్ ("ఫలానాది ఉంటేనే") అని రాయడం, డెఫ్‌కాన్ఫిగ్ ఫైళ్లలో (బోర్డుకో ఆర్కిటెక్చర్‌కో ముందే సిద్ధం చేసి పెట్టిన జవాబులు) ఒకే లైన్ మళ్లీ రావడం లాంటి చిన్నాచితకవి చాలా ఉంటాయి.

ఏ రకమో తేల్చుకోకుండా డిలీట్ కీ మీద చెయ్యి వేయకండి.

ఒకే ఆప్షన్ పది ఆర్కిటెక్చర్లలో ఉన్నా కేకాన్ఫిగ్ ఎర్రర్ ఎందుకివ్వదు?

అది ఒకసారికి ఒక్క ఆర్కిటెక్చర్ ఫైలునే చదువుతుంది కాబట్టి. మీరు ఆర్మ్64కి బిల్డ్ చేస్తుంటే ఎక్స్86 కేకాన్ఫిగ్ అనేదొకటి ఉందని కూడా దానికి తెలీదు. ఒకే మనిషి పేరు రెండు ఊళ్ల ఓటరు జాబితాలో ఉన్నా, ఏ ఊరి జాబితా ఆ ఊళ్లోనే చదివితే తప్పు బయటపడనట్టే. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసే మనిషి కావాలి. టూల్ ఆ పని చేయదు.

ఒకే బిల్డ్‌లో రెండుసార్లు వచ్చినా కూడా ఎర్రర్ రాదు, అది వేరే కారణం: ఆ భాషలోనే అందుకు అనుమతి ఉంది. ఒక ఆప్షన్‌ని ఎన్నిసార్లైనా నిర్వచించుకోవచ్చు, ఏ నిర్వచనంలోనూ ఒక్క ప్రాంప్ట్ (మెనూలో యూజర్‌కి కనిపించే ప్రశ్న) మించి ఉండకూడదు, టైపులు పోట్లాడకూడదు, అంతే రూలు. ఒక చోట బూల్ (అవును, కాదు) అని, ఇంకో చోట ట్రైస్టేట్ (అవును, కాదు, మాడ్యూల్) అని రాస్తే మాత్రం రెండో టైపుని పట్టించుకోవడం లేదని ఒక వార్నింగ్ ఇచ్చి ముందుకెళ్లిపోతుంది.

మరి రెండు నిర్వచనాలుంటే ఏది గెలుస్తుంది?

"తర్వాత వచ్చింది గెలుస్తుంది" అని చాలామంది అనుకుంటారు. తప్పు. "మొదట వచ్చింది గెలుస్తుంది" అన్నది కూడా పూర్తిగా సరి కాదు. నిజానికి రెండూ కలిసిపోతాయి, ఏ ముక్క ఎలా కలుస్తుందో ఆ ముక్కకి ఒక పద్ధతి ఉంది.

డిఫాల్ట్‌ల విషయంలో, చదివిన వరుసలో షరతు నిజమైన మొదటి డిఫాల్టే పని చేస్తుంది. కాబట్టి ఫైళ్లు ఏ వరుసలో చేరుతున్నాయన్నది కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. సెలెక్ట్‌లు అన్నీ పోగవుతాయి. ప్రాంప్ట్‌లు ఎవరి షరతులతో వాళ్లవి ఉంటాయి.

డిపెండ్స్ ఆన్ దగ్గరే అసలు ప్రమాదం. రెండు నిర్వచనాల షరతులు "ఇదీ అదీ రెండూ నిజం కావాలి" అని కలవవు, "ఇదైనా అదైనా చాలు" అని కలుస్తాయి. దీన్ని కాస్త నెమ్మదిగా చూద్దాం. డ్రైవర్ ఫైల్లో ఒక ఆప్షన్‌కి "డివైస్ ట్రీ సపోర్ట్ ఉంటేనే" అని షరతు ఉందనుకోండి (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నల్‌కి చెప్పే వివరణే డివైస్ ట్రీ). ఎవరో ప్లాట్‌ఫాం ఫైల్లో అదే పేరుతో ఇంకో రెండు లైన్లు రాశారు: కాన్ఫిగ్ ఫలానా, డిఫాల్ట్ వై (అంటే ఆన్). షరతు రాయలేదు, అసలు నిర్వచనంలో ఎలాగూ ఉంది కదా అనుకున్నారు. ఇప్పుడేమైందంటే ఈ రెండో నిర్వచనానికి షరతే లేదు, కాబట్టి దాని డిఫాల్ట్ ఎప్పుడూ పని చేస్తుంది, డివైస్ ట్రీ లేకపోయినా ఆప్షన్ ఆన్ అవుతుంది. అంతటితో ఆగదు. ఇంకెవరైనా ఈ ఆప్షన్‌ని తప్పుగా సెలెక్ట్ చేస్తే రావాల్సిన "షరతులు తీరలేదు" అనే వార్నింగ్ కూడా రాదు, ఎందుకంటే కేకాన్ఫిగ్ లెక్కలో ఆ షరతు ఎప్పుడూ తీరినట్టే. రెండు లైన్లు ఎక్కువ రాయడం వల్ల కాపలా మొత్తం ఎగిరిపోయింది. నా మటుకు నాకు డూప్లికేట్లన్నిట్లోనూ ముందు ఏరేయాల్సింది ఈ రకమే.

పని చేస్తున్నదాన్ని కదపడం ఎందుకు? కాపీ ఉంటే నష్టమేంటి?

కాపీ చేసిన రోజు నష్టం ఉండదు. ఆ తర్వాత ఒక చోట హెల్ప్ టెక్స్ట్ సరిచేస్తారు, మిగతా చోట్ల పాతదే ఉంటుంది. ఒక చోట షరతు చేరుస్తారు, మిగతా చోట్ల చేరదు. ఐదేళ్లకి అదే పేరున్న ఆప్షన్ పవర్‌పీసీలో ఒక అర్థంతో, ఎస్390లో ఇంకో అర్థంతో బతుకుతుంటుంది.

ఇంకా పెద్ద నష్టం ఉమ్మడి కోడ్‌లో కనిపిస్తుంది. 2024 ఏప్రిల్‌లో జరిగింది చెప్తాను. ప్రాసెసర్ లోపాలకి వేసే రక్షణల్ని ఆన్ ఆఫ్ చేసే ఆప్షన్ 'స్పెక్యులేషన్ మిటిగేషన్స్' అని ఎక్స్86 ఫైల్లో మాత్రమే ఉండేది. ఆ ఆప్షన్ ఆఫ్‌లో ఉంటే రక్షణలు కూడా డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉండాలి కదా అని ఒక మార్పు చేశారు, న్యాయమైన ఆలోచనే. కానీ మార్పు చేసిన కోడ్ అన్ని ఆర్కిటెక్చర్లూ వాడే ఉమ్మడి ఫైలు. ఆర్మ్64లో, పవర్‌పీసీలో ఆ ఆప్షన్ పేరే లేదు. పేరు లేని ఆప్షన్‌ని సీ కోడ్‌లో 'ఈజ్ ఎనేబుల్డ్' అని అడిగితే ఎర్రర్ రాదు, నిశ్శబ్దంగా "లేదు" అనే జవాబొస్తుంది. ఫలితం: ఎక్స్86 కాని ఆర్కిటెక్చర్లన్నిట్లో రక్షణలు డిఫాల్ట్‌గా ఆఫ్ అయిపోయాయి. 6.9 విడుదలకి ముందే పట్టుకుని సరిచేశారు. ఆప్షన్ పేరు 'సీపీయూ మిటిగేషన్స్' అని మార్చి, ఉమ్మడి ఫైల్లోకి తెచ్చి, ఎక్స్86 తప్ప మిగతా చోట్ల ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా రాశారు.

ఇది డూప్లికేట్ కథ కాదు కదా, తక్కువైన కథ కదా అని అడగొచ్చు మీరు. రెండింటికీ వేరు ఒకటే: అందరికీ చెందిన ప్రశ్న ఏదో ఒక ఆర్కిటెక్చర్ ఇంట్లో ఉండిపోవడం. అలా ఉన్నప్పుడు మిగతావాళ్లు కాపీ చేసుకుంటే డూప్లికేట్, చేసుకోకపోతే ఇలాంటి బొక్క. ప్రశ్న ఒక్క చోట ఉండాలి, ఆ ప్రశ్న తనకి వర్తిస్తుందో లేదో మాత్రం ప్రతి ఆర్కిటెక్చరూ చెప్పాలి. ఈ శుభ్రం చేసే పని మొత్తం ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఆర్కిటెక్చర్ "నాకు వర్తిస్తుంది" అని ఎలా చెప్తుంది?

ప్రాంప్ట్ లేని, యూజర్‌కి కనిపించని ఒక చిన్న బూల్ ఆప్షన్‌తో. దాని పేరు 'హ్యావ్' అనో 'ఆర్చ్ సపోర్ట్స్' అనో 'ఆర్చ్ హ్యాజ్' అనో మొదలవుతుంది. ఉమ్మడి కేకాన్ఫిగ్‌లో అది నిర్వచించి ఉంటుంది, ఆర్కిటెక్చర్ దాన్ని సెలెక్ట్ చేస్తుంది, అసలు ప్రశ్న దాని మీద డిపెండ్స్ ఆన్ పెట్టుకుంటుంది. కెర్నల్ డాక్యుమెంటేషన్ సిఫారసు చేసేది కూడా ఇదే పద్ధతి, 'హ్యావ్' పేర్లతో. పేర్ల మొదట్లో ఇన్ని రకాలెందుకో నాకైతే నచ్చదు, కొత్తవాళ్లకి ఏది ఎప్పుడు వాడాలో అర్థం కాదు. మీరు కొత్తది చేరుస్తుంటే ఆ ఫైల్లో పక్కనున్నవాటి పద్ధతినే పాటించండి.

ఇంతకు ముందు ఇలా నిజంగా శుభ్రం చేసిన ఉదాహరణలున్నాయా?

ఉన్నాయి, చదివి నేర్చుకోవడానికి పుస్తకాల కంటే అవే మేలు.

2018 చివర్లో కెర్నల్ డెవలపర్ క్రిస్టఫ్ హెల్విగ్ చేసిన పీసీఐ (కార్డులు, పరికరాలు తగిలించే బస్) పని మొదట చూడండి, అది 5.0 వెర్షన్‌లో చేరింది. అప్పటిదాకా 'పీసీఐ' అనే ఆప్షన్‌ని చాలా ఆర్కిటెక్చర్లు ఎవరి ఫైల్లో వాళ్లే నిర్వచించుకునేవి. దాన్ని పీసీఐ డ్రైవర్ల డైరెక్టరీలో ఒక్క చోటికి తెచ్చారు. ఆర్కిటెక్చర్లు 'హ్యావ్ పీసీఐ' సెలెక్ట్ చేస్తాయి. కొన్ని ఆర్కిటెక్చర్లలో పీసీఐ అసలు ప్రశ్నే కాదు, తప్పనిసరి. వాళ్ల కోసం 'ఫోర్స్ పీసీఐ' అని ఇంకొకటి పెట్టారు. ఆ రెండోదే నాకు బాగా నచ్చింది. అందరి కాపీలూ ఒకేలా లేవు, కొందరిది "ఎప్పుడూ ఆన్", కొందరిది "అడిగి ఆన్" అన్న తేడాని చెరిపేయకుండా దానికో పేరు పెట్టారు. ఈఐఎస్‌ఏ, పీసీఎంసీఐఏ, ర్యాపిడ్‌ఐఓ అనే వేరే బస్‌లకి కూడా అదే వరుసలో అదే వైద్యం జరిగింది.

2023లో ఎరిక్ డీవోల్డర్ కెగ్జెక్, క్రాష్ డంప్ ఆప్షన్లని పట్టుకున్నారు. నడుస్తున్న కెర్నల్ నుంచి నేరుగా ఇంకో కెర్నల్‌లోకి దూకడం, కెర్నల్ కూలినప్పుడు మెమరీని దాచడం ఇవి చేసే పని. ఇవి ఎక్స్86, ఆర్మ్, ఆర్మ్64, మిప్స్, పవర్‌పీసీ, రిస్క్‌ఫైవ్, ఎస్390 ఇలా చాలా ఫైళ్లలో చిన్నచిన్న తేడాలతో ఉండేవి. 6.6 నుంచి అవన్నీ కెర్నల్ డైరెక్టరీలో కెగ్జెక్ కోసమే పెట్టిన ఒక కేకాన్ఫిగ్ ఫైల్లో ఉన్నాయి. ఆర్కిటెక్చర్ వైపు 'ఆర్చ్ సపోర్ట్స్ కెగ్జెక్' మిగిలింది, ఎవరికైనా అదనంగా సెలెక్ట్ చేయాల్సినవి ఉంటే 'ఆర్చ్ సెలెక్ట్స్ కెగ్జెక్' లాంటిది రాసుకుంటారు.

మూడోది 2024లో, 6.9లో, ఆర్న్డ్ బెర్గ్‌మన్ చేసిన పేజీ సైజు పని (పేజీ అంటే కెర్నల్ మెమరీని పంచుకునే ముక్క). నాలుగు కేబీ పేజీ అనడానికి ఒక్కో ఆర్కిటెక్చర్‌లో ఒక్కో పేరుండేది. లోపల కోడ్ చూసే పేర్లని ఉమ్మడి పేర్లుగా మార్చారు, కానీ ఆర్మ్64, పవర్‌పీసీ లాంటి చోట్ల యూజర్ ఎంచుకునే పాత పేర్లని అలాగే ఉంచారు. పాత పేరు వెనక నుంచి కొత్తదాన్ని సెలెక్ట్ చేస్తుంది. యూజర్ల దగ్గరున్న పాత కాన్ఫిగ్ ఫైళ్లు విరగకూడదనే అలా చేశారు. పైకి చూస్తే పని సగంలో ఆపినట్టుంటుంది, కానీ ఆగాల్సింది అక్కడే.

ఒకే పనికి రెండు పేర్లు అన్నారు, అదెలా?

'ఎంబెడెడ్' కథే మంచి ఉదాహరణ. మామూలు యూజర్లకి దాచాల్సిన ఆప్షన్లని చూపించడానికి అదొక తాళం. పేరుకీ పనికీ పొంతన లేదని 2011లో దాన్ని 'ఎక్స్‌పర్ట్' అని మార్చారు. తర్వాత 'ఎంబెడెడ్' పేరు మళ్లీ వచ్చింది, ఎక్స్‌పర్ట్‌ని సెలెక్ట్ చేయడమే దాని పని. 2023లో రాండీ డన్‌లాప్ కెర్నల్ అంతటా వెతికి ఆ పేరుని తీసేసేదాకా, 6.6 వరకూ, రెండూ పక్కపక్కనే బతికాయి. రెండు పేర్లుంటే ఏ డ్రైవర్ దేని మీద ఆధారపడాలో ఎవరికీ తెలీదు, కొందరు అది రాస్తారు, కొందరు ఇది రాస్తారు.

డూప్లికేట్లన్నీ తీసేయాల్సిందేనా?

అక్కర్లేదు. పైన చెప్పిన 'సీపీయూ మిటిగేషన్స్'నే తీసుకోండి. సరిచేసిన తర్వాత కూడా అది రెండు చోట్ల నిర్వచించి ఉంది: ఉమ్మడి ఫైల్లో "ఎప్పుడూ ఆన్"గా ఒకటి, ఎక్స్86 ఫైల్లో మెనూతో సహా ఇంకొకటి. కానీ ఉమ్మడి నిర్వచనం చుట్టూ ఇఫ్ బ్లాక్ ఉంది, "ఈ ఆర్కిటెక్చర్ సొంతంగా చూసుకోకపోతేనే" అని. రెండూ ఒకేసారి పని చేయవు. ఇలాంటిదాన్ని స్క్రిప్టు డూప్లికేట్ అనే చూపిస్తుంది, మీరు నమ్మి తీసేస్తే ఒక పెద్ద మెనూ మాయమవుతుంది.

ఆర్కిటెక్చర్ ఫైళ్లలో '64 బిట్' లాంటివి కూడా అంతే. కొన్ని చోట్ల అది యూజర్ ఎంచుకునేది, కొన్ని చోట్ల స్థిరం. పేరు ఒకటే అయినా ప్రశ్న ఒకటి కాదు. నేను చూసుకునేది ఇంతే: రెండింటి షరతులూ డిఫాల్టూ అర్థమూ ఒకటేనా? మూడూ ఒకటైతే కలపండి. ఒక్కటి తేడా ఉన్నా ఆ తేడా కావాలని పెట్టిందా, కాపీ చేశాక జారిపోయిందా అన్నది గిట్ బ్లేమ్‌లో (ఏ లైన్ ఎవరు ఏ కమిట్‌లో రాశారో చూపించే కమాండ్), ఆ కమిట్ మెసేజ్‌లో చదవండి. సగం జవాబులు అక్కడే దొరుకుతాయి.

ఎలా వెతకాలి?

గిట్ గ్రెప్‌తో పేరు కేకాన్ఫిగ్ అని మొదలయ్యే అన్ని ఫైళ్లలో 'కాన్ఫిగ్', 'మెనూకాన్ఫిగ్' అని మొదలయ్యే లైన్లు తీసి, సార్ట్ చేసి, మళ్లీ వచ్చిన పేర్లని యునీక్‌తో పట్టుకోండి. మెనూకాన్ఫిగ్ లైన్లని చాలామంది మర్చిపోతారు. ముందు ఆర్చ్ డైరెక్టరీ లేకుండా ఒకసారి చేయండి, అప్పుడు వచ్చేది చిన్న జాబితా, అందులోనే అసలు బగ్గులుంటాయి. తర్వాత ఆర్చ్‌తో కలిపి చేయండి, అది పెద్ద జాబితా, ఓపిక కావాలి.

ఒక్క ఆప్షన్ గురించే అయితే మెనూకాన్ఫిగ్‌లో స్లాష్ కొట్టి పేరు వెతకండి. ఏ ఫైల్లో ఏ లైన్లో నిర్వచించారో, దేని మీద ఆధారపడిందో, ఎవరు సెలెక్ట్ చేస్తున్నారో అన్నీ చూపిస్తుంది. రెండు చోట్ల నిర్వచించి ఉంటే రెండూ చూపిస్తుంది. పైథాన్ వచ్చినవాళ్లకి కేకాన్ఫిగ్‌లిబ్ ఉంది, దాంతో షరతుల్ని కూడా ప్రోగ్రాంలో పోల్చుకోవచ్చు. తీసేసిన పేర్లని ఇంకా ఎవరైనా వాడుతున్నారేమో చూడ్డానికి కెర్నల్ స్క్రిప్ట్స్ డైరెక్టరీలోనే 'చెక్‌కేకాన్ఫిగ్‌సింబల్స్' అనే పైథాన్ స్క్రిప్టు ఉంది. ప్యాచ్ పంపే ముందు అది తప్పక నడపండి, మిటిగేషన్ల కథలాగా లేని పేరుని అడిగే కోడ్ మిగిలిపోకుండా.

తీసేశాక ఏమీ మారలేదని ఎలా చూపించాలి?

అందరూ దాటేసే మెట్టు ఇది. ప్యాచ్‌లో "ఫంక్షనల్ మార్పు లేదు" అని రాయడానికి ఒక్క నిమిషం చాలు, ఆ మాట నిజం చేయడానికి ఒక సాయంత్రం పడుతుంది. ఆ సాయంత్రం పెట్టండి.

ముందు మార్పు లేని సోర్స్‌లో, ఆ ఆప్షన్ తగిలే ప్రతి ఆర్కిటెక్చర్‌కీ, అక్కడున్న ప్రతి డెఫ్‌కాన్ఫిగ్‌తో డాట్ కాన్ఫిగ్ తయారు చేసి దాచండి. తర్వాత మీ మార్పు పెట్టి అదే మళ్లీ చేయండి. రెండింటినీ 'డిఫ్‌కాన్ఫిగ్' స్క్రిప్టుతో పోల్చండి, అది మారిన ఆప్షన్లని మాత్రమే శుభ్రంగా చూపిస్తుంది. ఆల్‌నోకాన్ఫిగ్ (వీలైనన్నిటికీ వద్దు), ఆల్‌మాడ్‌కాన్ఫిగ్ (వీలైనవన్నీ మాడ్యూల్)లతో కూడా చేయండి, ఎందుకంటే డెఫ్‌కాన్ఫిగ్‌లు ఎవరూ నడవని మూలల్లోకి వెళ్లవు.

డెఫ్‌కాన్ఫిగ్‌ల గురించి ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. కెర్నల్‌లో దాచే డెఫ్‌కాన్ఫిగ్ పూర్తి జాబితా కాదు, సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్ తీసే కుదింపు. డిఫాల్ట్‌కి భిన్నంగా ఉన్నవే అందులో ఉంటాయి. అంటే మీరు ఒక ఆప్షన్ డిఫాల్ట్ మార్చారంటే, ఒక్క డెఫ్‌కాన్ఫిగ్ ఫైలునీ ముట్టుకోకుండానే పదుల కొద్దీ బోర్డుల కెర్నల్ మార్చేసినట్టు. డూప్లికేట్లు కలిపేటప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది: ఎక్స్86 కాపీలో డిఫాల్ట్ వై ఉంది, మిప్స్ కాపీలో డిఫాల్టే లేదు, కలిపిన దాంట్లో ఏదో ఒకటే రాశారు. ఆ తేడాని షరతుతో నిలబెట్టండి, లేదా ఆ డెఫ్‌కాన్ఫిగ్‌లకి కావాల్సిన లైన్ చేర్చండి.

ర్యాండ్‌కాన్ఫిగ్ (జవాబుల్ని లాటరీ తీసినట్టు ఎంచేది) వాడేవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. సీడ్ (ఆ లాటరీ మొదలయ్యే నంబరు) ఒకటే ఇచ్చాం కదా అని పాత సోర్స్‌లో ఒకసారి, కొత్త సోర్స్‌లో ఒకసారి నడిపి పోలుస్తారు. ఆప్షన్ల సంఖ్యో వరుసో మారితే అదే సీడ్‌తో కూడా వేరే కాన్ఫిగ్ వస్తుంది, ఆ పోలికకి అర్థం లేదు. పాత సోర్స్‌లో ర్యాండ్‌కాన్ఫిగ్ చేసి, ఆ డాట్ కాన్ఫిగ్‌ని కొత్త సోర్స్‌లోకి తీసుకెళ్లి ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ (పాత జవాబులు ఉంచి, కొత్త ప్రశ్నలకి డిఫాల్ట్ పెట్టేది) నడిపి, అప్పుడు పోల్చండి. రాత్రంతా లూపులో పెట్టేసి పడుకోవచ్చు.

క్రాస్ కంపైలర్ (వేరే ఆర్కిటెక్చర్‌కి బిల్డ్ చేసే కంపైలర్) లేకుండా ఇదంతా అవుతుందా అని అడుగుతారు. 2018లో వచ్చిన 4.18 నుంచి కేకాన్ఫిగ్ కంపైలర్‌ని కూడా ప్రశ్నలు అడుగుతుంది, "నీకు ఈ ఫ్లాగ్ వచ్చా" అని. జవాబుని బట్టి ఆప్షన్లు మారతాయి. కాబట్టి పాతదీ కొత్తదీ రెండూ అదే కంపైలర్‌తో తీయాలి, ఆ ఆర్కిటెక్చర్ కంపైలర్‌తో తీయాలి. పెద్ద ఆర్కిటెక్చర్లకి క్లాంగ్ ఒక్కటే చాలావరకు సరిపోతుంది, ఒక్కోదానికి ఒక్కో జీసీసీ వెతుక్కునే టెన్షన్ తగ్గుతుంది.

కలిపేటప్పుడు మంచి పేరు పెడదామని పేరు కూడా మార్చొచ్చా?

తప్పనిసరైతేనే. పాత డాట్ కాన్ఫిగ్‌లో ఉన్న పేరు కొత్త కెర్నల్‌కి తెలీకపోతే, కేకాన్ఫిగ్ మామూలుగా ఒక్క మాట కూడా అనకుండా ఆ లైన్‌ని వదిలేస్తుంది, కొత్త పేరుకి డిఫాల్ట్ పెట్టేస్తుంది. 6.9లో 'రెట్‌పొలిన్' (ప్రాసెసర్ లోపానికి వేసే ఒక రక్షణ) ఆప్షన్ 'మిటిగేషన్ రెట్‌పొలిన్' అయింది. కావాలని ఆఫ్ చేసుకున్నవాళ్లకి కొత్త పేరు కింద డిఫాల్ట్‌గా ఆన్ అయింది. అక్కడ అది భద్రత వైపే జరిగింది కాబట్టి సరే, అన్నిచోట్లా అలా కలిసిరాదు.

దీనికి ఇప్పుడు ఒక మంచి దారి వచ్చింది. 2025లో, 6.18తో, కేకాన్ఫిగ్‌లో 'ట్రాన్సిషనల్' అనే మాట చేరింది. పాత పేరుని ఆ మాటతో నిర్వచించి, కొత్త పేరుకి డిఫాల్ట్‌గా పాత పేరు ఇస్తే, పాత ఫైల్లోని జవాబు కొత్త పేరులోకి వస్తుంది, పాత పేరు మాత్రం కొత్త డాట్ కాన్ఫిగ్‌లోకి ఎక్కదు. చాలా ఏళ్లు ఈ సౌకర్యం లేకే ఎంతోమంది పేర్లు మార్చడానికి భయపడ్డారు. మీ వైపు నుంచి చూసుకోవాలంటే, తెలియని పేర్ల మీద వార్నింగ్ ఇచ్చే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది, 'కేకాన్ఫిగ్ వార్న్ అన్‌నోన్ సింబల్స్' పేరుతో. వెర్షన్ మారేటప్పుడు అది పెట్టి ఒకసారి ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ నడపండి.

నా ఫ్రాగ్మెంట్ ఫైల్లో (డాట్ కాన్ఫిగ్‌లో కలపడానికి రాసుకున్న కొన్ని జవాబులు) ఒకే ఆప్షన్ రెండుసార్లు ఉంది. పర్లేదా?

కేకాన్ఫిగ్ ఫైల్లో రూలు వేరు, డాట్ కాన్ఫిగ్‌లో రూలు వేరు. ఇక్కడ చివరిది గెలుస్తుంది. "సింబల్‌కి మళ్లీ విలువ ఇస్తున్నారు" అని ఒక వార్నింగ్ వస్తుంది, బిల్డ్ మాత్రం ఆగదు.

నేను పని చేసిన ఒక చోట దీని మీద రెండు రోజులు పోయాయి. బోర్డు హ్యాంగ్ అయితే వాచ్‌డాగ్ రీసెట్ చేయాలి, చేయడం లేదు. అందరం డ్రైవర్ కోడ్ చదివాం, డేటాషీట్ చదివాం, ఒకాయన ఆసిలోస్కోప్ కూడా తెచ్చాడు. చివరికి చూస్తే ఫ్రాగ్మెంట్‌లో పైన వాచ్‌డాగ్ ఆన్ అని ఉంది, వందకి పైగా లైన్ల కింద హ్యాష్ గుర్తుతో "సెట్ చేయలేదు" అనే లైన్ ఉంది. దాన్ని అందరం కామెంట్ అనుకున్నాం. అది కామెంట్ కాదు! డాట్ కాన్ఫిగ్‌లో హ్యాష్ పెట్టి, ఆప్షన్ పేరు రాసి, 'ఈజ్ నాట్ సెట్' అంటే కేకాన్ఫిగ్ దాన్ని "వద్దు" అనే జవాబుగా చదువుతుంది. వార్నింగ్ బిల్డ్ లాగ్‌లో మొదటి రోజు నుంచీ ఉంది.

అప్పటి నుంచి నేను ఫ్రాగ్మెంట్లు కలపడానికి కెర్నల్‌లో ఉన్న 'మెర్జ్ కాన్ఫిగ్' షెల్ స్క్రిప్టునే వాడతాను, ఏ ఫైలు ఏ విలువని తొక్కేసిందో, అడిగిన ఏ విలువ చివరి ఫైల్లో దక్కలేదో చెప్తుంది. డ్యాష్ ఆర్ ఇస్తే అనవసరంగా మళ్లీ రాసినవి చూపిస్తుంది, డ్యాష్ ఎస్ ఇస్తే విలువ మారిన చోట బిల్డ్ ఆపేస్తుంది. ఆటోమేటిక్ బిల్డ్‌లో డ్యాష్ ఎస్ పెట్టేయండి.

ఒకే సెలెక్ట్ లైన్ రెండుసార్లుంటే?

ప్రమాదం లేదు, తీసేయొచ్చు. మొదటి ప్యాచ్‌కి ఇదే సరైన పని. ఎక్స్86 ముఖ్య ఆప్షన్ కింద వందల సెలెక్ట్ లైన్లుంటాయి, వాటిని అక్షర క్రమంలో పెట్టేదే ఇందుకు. రెండోది పక్కనే పడితే కంటికి కనిపిస్తుంది. ఒక్కటి చూసుకోండి: ఒక లైన్‌కి ఇఫ్ షరతు ఉండి ఇంకోదానికి లేకపోతే అవి డూప్లికేట్లే, కానీ ఏది తీసేయాలన్నది మీరు నిర్ణయించేది కాదు. ఇప్పుడు నడుస్తున్నది షరతు లేనిది, రాసినాయన ఉద్దేశం షరతు ఉన్నదేమో.

ఇవి తీసేస్తే కెర్నల్ సైజు తగ్గుతుందా, వేగం పెరుగుతుందా?

లేదు. సరిగ్గా చేస్తే బైనరీ ఒక్క బైటు కూడా మారకూడదు.

ప్యాచ్ ఎలా విడగొట్టాలి?

ముందు ఉమ్మడి ఫైల్లో కొత్త నిర్వచనం, తర్వాత ఒక్కో ఆర్కిటెక్చర్ మారడానికి ఒక్కో ప్యాచ్. ప్రతి ప్యాచ్ తర్వాతా అన్నీ బిల్డ్ అవ్వాలి, లేకపోతే రేపెవరో బగ్ కోసం గిట్ బైసెక్ట్ (ఏ కమిట్‌తో బగ్ వచ్చిందో సగం సగం చేసి వెతకడం) చేస్తూ మీ సిరీస్ మధ్యలో ఇరుక్కుంటారు. కమిట్ మెసేజ్‌లో ఏ ఆర్కిటెక్చర్లు, ఏ డెఫ్‌కాన్ఫిగ్‌లు పోల్చారో, తేడా వస్తే ఏం వచ్చిందో రాయండి. తేడా దాచకండి. "మూడు బోర్డుల్లో ఈ ఆప్షన్ కొత్తగా ఆన్ అవుతోంది, కారణమిది" అని రాసిన ప్యాచ్‌ని మెయింటెయినర్లు నమ్ముతారు. ఎవరికి పంపాలో గెట్ మెయింటెయినర్ స్క్రిప్టు చెప్తుంది. పదిమంది ఆర్కిటెక్చర్ మెయింటెయినర్ల ఒప్పుదల కావాలి కాబట్టి వారాలు పట్టొచ్చు, కంగారు పడకండి.

జెఫైర్‌లో ఒకే ఆప్షన్ ప్రతి బోర్డు ఫైల్లోనూ ఉంది. అది కూడా శుభ్రం చేయాలా?

వద్దు! హైదరాబాద్‌లో ఎంబెడెడ్ పని చేసే పిల్లలు లినక్స్ నుంచి జెఫైర్ అనే చిన్న బోర్డుల ఆపరేటింగ్ సిస్టమ్‌కి వెళ్లగానే అడిగేదిది. జెఫైర్ కూడా కేకాన్ఫిగ్ భాషనే వాడుతుంది, కానీ అక్కడ బోర్డుకీ చిప్‌కీ తగిన డిఫాల్ట్ ఇవ్వడానికి ఆ పేరుని బోర్డు ఫైల్లో మళ్లీ రాయడమే పద్ధతి. చదివిన వరుసలో మొదటి డిఫాల్టే గెలుస్తుందన్న రూలుని వాళ్లు కావాలని వాడుకుంటారు. అయితే పైన చెప్పిన షరతుల బొక్క అక్కడ కూడా ఉంటుంది, అందుకే ఇప్పుడు 'కాన్ఫిగ్‌డిఫాల్ట్' అనే మాట వచ్చింది, కొత్త నిర్వచనం చేయకుండా డిఫాల్ట్ మాత్రమే ఇవ్వడానికి. కొత్త బోర్డు రాస్తుంటే దాన్నే వాడండి. యూబూట్, బిల్డ్‌రూట్, బిజీబాక్స్ అనే వేరే ప్రాజెక్టుల్లో కూడా కేకాన్ఫిగ్ ఉంది, ఒక్కోదాని ఇంటి పద్ధతి ఒక్కోటి, కాబట్టి అక్కడ ఏదైనా ముట్టుకునే ముందు వాళ్ల డాక్యుమెంటేషన్ తెరిచి ఒక అరగంట చదవండి.